జాబితాలో పద్నాలుగో వరస

సోమవారం పొద్దున ఏడింటికి టైల్సు గోడౌనులో ఆడపిల్లలను తూచేవారు. అక్కడున్నది మనుషులు ఎక్కే చిన్న యంత్రం కాదు. టైల్సు పెట్టెలు ఎక్కించే పెద్ద ఇనప కాటా. నేల మీద పలక, పక్కన నిలువెత్తు కడ్డీ, కడ్డీ చివర ఎర్ర అంకెలు వెలిగే డబ్బా. వారమంతా దాని మీద బూడిదరంగు దుమ్ము పేరుకొని ఉండేది. సోమవారం మాత్రం స్టోర్సు గుమాస్తా తడిగుడ్డతో తుడిచేవాడు. వాలీబాల్ జట్టులోని పన్నెండు మంది పిల్లలూ చెప్పులు విడిచి ఒకరి తర్వాత ఒకరు ఆ పలక ఎక్కాలి.

జట్టు యజమాని ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆ ఫ్యాక్టరీ ఆయనదే. పక్కన నలుగురైదుగురు స్నేహితులు, చేతుల్లో టీ గ్లాసులు. టీ ఇంకెక్కడా దొరకనట్టు ఆ పెద్దమనుషులు సరిగ్గా సోమవారం ఏడింటికే ఆ గోడౌనుకు వచ్చేవారు. ఎర్ర అంకె వెలగగానే దాన్ని అందరికీ వినబడేలా చదవడం జట్టు మేనేజరమ్మ పని. ఆమె చదివేది, పిల్ల దిగేది. అంకె పెరిగితే యజమాని పెదవి విరిచేవాడు, స్నేహితుల్లో ఒకడు ఏదో అనేవాడు, మిగతావాళ్లు నవ్వేవారు. ఏమనేవారో ఇక్కడ రాయడం దండగ. రాస్తే చెయ్యి కడుక్కోవలసి వస్తుంది.

మేనేజరమ్మ మూడేళ్లు ఆ అంకెలు చదివింది. ఒకప్పుడు ఆమే ఈ జట్టుకు ఆడింది. అప్పుడు యజమాని ఈయన తండ్రి. మోకాలు పాడై ఆట మానేశాక ఆ పెద్దాయన ఆమెను మేనేజరును చేశాడు, ఆమె భర్తకు టైల్సు బట్టీలో ఉద్యోగం ఇచ్చాడు, ఫ్యాక్టరీ వెనక వరసలో రెండు గదులు ఇచ్చాడు. పెద్దాయన పోయాక ఆ మూడూ కొడుకు గుప్పిట్లోకి వచ్చాయి. అది తెలిసే ఆమె నోరు మూసుకొంది. మూసుకొందనడం కూడా తప్పే. అంకెలు చదవడానికి నోరు తెరిచేది కదా.

పిల్లలు ఆమెను అక్కా అనేవారు. యజమానిని ఎదురుగా సార్ అనీ, చాటున కాటా అనీ పిలిచేవారు.

జట్టులో అందరికంటే పొడుగు పిల్ల పేరు నిచ్చెన. అమ్మానాన్నలు పెట్టింది కాదు, తోటి పిల్లలు పెట్టింది. పంతొమ్మిదేళ్లు. వల దగ్గర ఎగిరితే మోచేతులు కూడా వలకు పైన కనిపించేవి. అంత పొడుగు మనిషికి ఎముకల బరువే ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి ఇనప కాటాకూ తెలీదు, కుర్చీలో కూర్చున్న కాటాకూ తెలీదు. ప్రతి సోమవారం అందరికంటే పెద్ద అంకె ఆ పిల్లదే, అందరికంటే పెద్ద నవ్వు ఆ పిల్ల మీదే. దాంతో నిచ్చెన తిండి తగ్గించింది. ముందు రాత్రి భోజనం మానింది, తర్వాత పొద్దున్నది మానింది, చివరికి మధ్యాహ్నం నాలుగు మెతుకులు కతికి లేచేది. అంకె దిగుతూ వచ్చింది. యజమాని మురిసిపోయి, చూశారా నా పట్టుదల అని స్నేహితులతో అన్నాడు. పస్తులున్నది ఆ పిల్ల, పట్టుదల ఈయనది.

పోయిన ఆదివారం ఆటలో నిచ్చెన ఎగిరి కిందికి దిగింది. దిగిన కాలు నిలవలేదు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు, ఉన్నచోటే కూలబడిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి మేనేజరమ్మకు చూపించింది. మోకాలి కింద ఎముకకు సన్నటి పగులు.

"ఇది దెబ్బ కాదండీ. తిండి లేక ఎముక డొల్లబారింది. డెబ్బై ఏళ్ల మామ్మ ఎముక ఇలా ఉంటుంది. మూడు నెలలు ఆ కాలు కింద పెట్టకూడదు. పెడితే నిలువునా విరుగుతుంది," అంది డాక్టరమ్మ.

ఆ డాక్టరమ్మ అంతటితో ఊరుకోలేదు. పిల్ల దగ్గర కూర్చొని గోడౌను సంగతి మొత్తం రాబట్టి, ఎనిమిది జట్లనూ నడిపే లీగుకు ఫిర్యాదు రాసింది. మేనేజరమ్మ మూడేళ్లలో చెయ్యలేని పని ఆమె ఒక్క మధ్యాహ్నంలో చేసింది.

సాయంత్రం యజమాని పళ్లబుట్టతో ఆస్పత్రికి వచ్చాడు. బుట్ట పిల్ల కాళ్ల దగ్గర పెట్టి, పిల్లతో కాకుండా మేనేజరమ్మతో మాట్లాడాడు.

"వచ్చే ఆదివారం సెమీఫైనల్. ఓ ఇంజక్షన్ పొడిపించి వల దగ్గర నిలబెట్టు. ఎగరక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. ఆ పొడుగు చూసే అవతలివాళ్లు బెదురుతారు."

కాదనడానికి దారి లేదు. ఒప్పందం అలాంటిది. యజమాని ఆడమన్నప్పుడు ఆడకపోతే ఆ పిల్ల మూడేళ్లు ఏ జట్టుకూ ఆడకూడదు. జట్టు వదిలి పోవాలంటే విడుదల కాగితం మీద యజమాని సంతకం ఉండాలి. ఇంకెవరు పెట్టినా చెల్లదు. ఆయన వెళ్లాక నిచ్చెన ఒకే ఒక్క మాట అడిగింది.

"అక్కా, ఆదివారం నన్ను నిజంగా నిలబెడతావా?"

మేనేజరమ్మ పళ్లబుట్ట తీసి కిటికీ పక్కన పెట్టింది.

శుక్రవారం నాడు లీగు క్రమశిక్షణ సంఘం విచారణ పెట్టింది. నేరం రుజువైతే యజమాని చేతిలోంచి జట్టును తీసేసుకోవచ్చని లీగు నిబంధనల్లో ఉంది. అలా తీసుకోవాలంటే మిగిలిన ఏడు జట్ల యజమానులూ ఓటు వెయ్యాలి. కాటా తన తరఫు సాక్షిగా మేనేజరమ్మను రమ్మన్నాడు. పిల్లలు ఇష్టపడే కాటా ఎక్కారని చెప్పు చాలు, నువ్వు మన మనిషివి అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆమె భర్త బట్టీ నుంచి వచ్చి, ఒంటినిండా మట్టిధూళితో గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏం చెప్పబోతున్నావు?"

"జరిగింది చెప్తాను."

"అయితే ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"నీ ఉద్యోగం కూడా పోతుంది."

ఆయన చెవిలో దుమ్ము వేలితో తీసుకున్నాడు.

"మూడేళ్లనుంచి సోమవారం వస్తే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడవు. గోడకేసి తిరిగి పడుకుంటావు. నేను చూడట్లేదనుకున్నావా? ఎలాగూ ఆ బట్టీ వేడికి నాకు బట్టతల వచ్చేసింది. ఇంక పోయేదేముంది. వెళ్లి చెప్పేసిరా."

బస్సులో ఆమె చెప్పవలసింది అంతా మనసులో వల్లె వేసుకుంది. ఏ సోమవారం ఎవరు ఏమన్నారో, నిచ్చెన ఎప్పుడు కళ్లు తిరిగి పడిందో, తను ఏ అంకె చదివిందో, అన్నీ తేదీలతో సహా.

లీగు ఆఫీసు నాలుగో అంతస్తులో పొడవాటి గది. నున్నటి బల్ల, బల్ల నిండా నీళ్ల సీసాలు, బిస్కట్ల పళ్లేలు. గదిలో ఏదో పూల సెంటు కొట్టారు. అది ముక్కుకు తగలగానే ఆమెకు వెగటు పుట్టింది. ఏడుగురు యజమానులు ఒక్కొక్కరే వచ్చి, నేరం మోపబడ్డ ఎనిమిదోవాడిని కావలించుకొని మరీ కూర్చున్నారు. వాళ్లలో వాళ్లకు ఏ చుట్టరికమూ లేదు, అయినా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఛైర్మన్ అందరికీ నమస్కారం పెట్టి విచారణ మొదలైందన్నాడు.

కాటా తరఫున వచ్చింది ఒక లావు ప్లీడరు, లీగు తరఫున ఒక బక్క ప్లీడరు. లావు ప్లీడరు ముందు లేచాడు.

"అయ్యా, జట్టు మా క్లయింటు ఆస్తి. తండ్రినుంచి వచ్చిన ఆస్తి. తన ఆస్తిని తన గోడౌనులో ఆయన ఏం చేసుకుంటే లీగుకెందుకు? రేపు మీ ఇంట్లో సోఫా ఏ మూల వేసుకోవాలో కూడా లీగే చెప్తుందా?"

ఏడుగురు యజమానులూ ఇంట్లో సోఫా గుర్తొచ్చినట్టు ఒక్కసారే తలలూపారు.

బక్క ప్లీడరు లేచాడు. "ఆస్తి కాదండీ, అనుమతి. జట్టు నడుపుకోమని లీగు ఇచ్చిన అనుమతి. లీగు పేరు చెడగొడితే వెనక్కి తీసుకుంటాం. సోఫా మీదే కావచ్చు, ఇల్లు మాది."

ఇక చూడండి. అద్దెకున్నవాడి సోఫా, సొంతింటివాడి సోఫా, అప్పిచ్చినవాడు జప్తు చేసిన సోఫా, అన్నదమ్ములు పంచుకున్న సోఫా. గంటన్నర సేపు ఆ గదిలో సోఫా తప్ప ఇంకో మాట లేదు. ఎముక మాట ఎప్పుడొస్తుందా అని మేనేజరమ్మ గోడవారన కుర్చీలో కాచుకు కూర్చుంది. ఒకరిద్దరు యజమానులు బిస్కట్లు నములుతూ ఫోన్లు చూసుకుంటున్నారు. డాక్టరమ్మ ఉత్తరం బల్ల మీదే ఉంది. దాని మీద ఎవరో టీ కప్పు పెట్టారు.

ఆస్తి అని రుజువు చెయ్యడానికి లావు ప్లీడరు ఒక జాబితా దాఖలు చేశాడు. లీగు ఆఫీసులో రికార్డులు చూసే పెద్దావిడ దాన్ని పైకి చదవడానికి లేచింది. తయారు చేసింది స్టోర్సు గుమాస్తా. గోడౌనులో సరుకు లెక్కకు వాడే ఫారం మీదే రాశాడు. వరస, వస్తువు, ఎన్ని, స్థితి అని నాలుగు గడులు.

"పదకొండు. బస్సు, ఒకటి, వాడుకలో ఉంది. పన్నెండు. వలలు, ఆరు, రెండు చిరిగినవి. పదమూడు. బంతులు, నలభై, కొత్తవి. పద్నాలుగు. క్రీడాకారిణులు, పన్నెండు."

పెద్దావిడ ఆగింది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"స్థితి. పదకొండు వాడుకలో ఉన్నాయి, ఒకటి మరమ్మతులో ఉంది. పదిహేను. మేనేజరు, ఒకటి, పాతది. పదహారు. బట్టలుతికే మెషిన్లు, రెండు, వాడుకలో ఉన్నాయి."

మేనేజరమ్మకు గుమాస్తా మీద కోపం రాలేదు. పాపం అతను అబద్ధమేమీ రాయలేదు, ఏ గడి ఉంటే ఆ గడి నింపాడు. ఆమెకు రోత పుట్టింది ఆ గదిని చూసి. పదకొండు మంది మగవాళ్లు పద్నాలుగో వరస విన్నారు, ఒక్కడి మొహంలోనూ చిన్న మార్పు లేదు. ఆ ఏడుగురిలో పాల కంపెనీ నడిపే యజమాని ఇంకో బిస్కట్ తీసుకున్నాడు.

అంతలో బక్క ప్లీడరు చెయ్యెత్తాడు.

"ఈ జాబితా మీద మాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది."

మేనేజరమ్మ ప్రాణం లేచొచ్చింది. కనీసం ఒక్కడైనా ఉన్నాడనుకుంది.

"పదమూడో వరస. బంతుల మీద లీగు ముద్ర ఉంది. అవి లీగువి. జాబితాలోంచి తీసెయ్యాలి."

నలభై బంతుల మీద అరగంట వాదించుకున్నారు. ముద్ర ఉన్న తోలు ఎవరిది, లోపలి గాలి ఎవరిది అన్నంత దూరం వెళ్లింది. చివరికి చెరి ఇరవై అని తేల్చారు.

తర్వాత మేనేజరమ్మను పిలిచారు. ఆమె లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. బస్సులో వల్లె వేసుకున్నదంతా నాలుక మీదే ఉంది.

"కాటా ఎవరిది?" అని అడిగాడు లావు ప్లీడరు.

"సార్‌ది."

"గోడౌను ఎవరిది?"

"సార్‌దే."

"స్టేడియంలో గాని, లీగు ఆవరణలో గాని ఎప్పుడైనా తూచారా?"

"లేదు. గోడౌనులోనే."

"అదే అయ్యా నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది. అంతా లీగు గుమ్మం అవతల జరిగింది," అని లావు ప్లీడరు కూర్చున్నాడు. బక్క ప్లీడరు తనకు ప్రశ్నలేమీ లేవన్నాడు.

"నేను ఇంకో మాట చెప్పాలండీ. ఆ పిల్ల," అంది మేనేజరమ్మ.

"అడిగినదానికి చెప్పారు, చాలమ్మా. కూర్చోండి," అన్నాడు ఛైర్మన్. మర్యాదగానే అన్నాడు.

"ఆ పిల్లకు పంతొమ్మిదేళ్లండీ."

"వయసు మన ముందున్న విషయం కాదు."

అప్పుడు అరిచి ఉండాలి. బల్ల మీద చరిచి ఉండాలి. ఆమె అరవలేదు. మూడేళ్లుగా కనబడిన అంకె చదివి ఊరుకున్న గొంతు, అడిగినంతే చెప్పి ఊరుకుంది. తిరిగి వస్తుంటే కాటా ఆమె చెయ్యి తట్టి, బాగా చెప్పావు అన్నాడు. ఆ తట్టిన చోట ఆమె కొంగుతో తుడుచుకుంది.

భోజనాలకు వదిలారు. పక్క గదిలో యజమానులూ, ఛైర్మనూ, ఇద్దరు ప్లీడర్లూ ఒకే బల్ల చుట్టూ చేరి, బావా ఇది వేసుకో, బావా అది వడ్డించుకో అంటూ తిన్నారు. మేనేజరమ్మ తినలేదు. మొహం కడుక్కుందామని చేతులు కడిగే చోటికి వెళ్లింది. తలుపు అవతల పాల కంపెనీ యజమాని గొంతు వినిపించింది.

"కాటా ఏంటి బావా, మోటుగా. మా దగ్గర టేపు. నడుం చుట్టూ ఓ టేపు వేస్తే అయిపాయె. నిశ్శబ్దంగా పనయిపోతుంది."

"మా కోచ్ అయితే ఫోటోలు తీయిస్తాడు, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి," అన్నాడు ఇంకొకడు.

"అందుకే చెప్తున్నా. ఇవాళ వీడి జట్టు ఊడబీకితే రేపు మనది పీకుతారు. ఆలోచించి ఓటెయ్యండి," అన్నాడు పాల కంపెనీ యజమాని.

కుళాయి తిప్పిన చప్పుడు. చేతులు శుభ్రంగా, సబ్బుపెట్టి కడుక్కుంటున్నారు. మేనేజరమ్మ తన ఒక్క గోడౌనులోనే ఈ కంపు ఉందని ఇన్నాళ్లూ అనుకుంది. ఎనిమిది గోడౌన్లు ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ తనలాంటి అక్క ఒకతె ఉండే ఉంటుంది, టేపు పట్టుకొనో ఫోటోలు సర్దుతూనో.

మధ్యాహ్నం ఓటు దాకా వెళ్లనే లేదు. అన్నం దగ్గరే రాజీ కుదిరింది. ఛైర్మన్ ఉత్తర్వు చెబుతుంటే పెద్దావిడ టైపు చేసింది. జట్టు యజమాని ఆస్తే. అయినా శిక్షించే అధికారం లీగుకు ఉంది. ఆ అధికారాన్ని యజమాని మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాడు. లీగు పేరుకు కలిగిన ఇబ్బందికి శిక్షగా పదిహేను రోజులు ఆయన హక్కులు నిలిపివేస్తున్నారు. ఇకమీదట తూకం లీగు ముద్ర ఉన్న కాటా మీదే వెయ్యాలి. ఈ చివరి మాట బక్క ప్లీడరు పట్టుబట్టి రాయించాడు. లీగు సాధించిన గొప్ప విజయం అది. ఎముక మాట ఉత్తర్వులో ఎక్కడా లేదు.

"ఆ పదిహేను రోజులూ జట్టును చూసుకోడానికి లీగు తరఫున ఒక మనిషిని వేస్తాం," అన్నాడు బక్క ప్లీడరు.

లావు ప్లీడరు పచ్చిమిరపకాయ కొరికినవాడిలా లేచాడు. "ఒప్పుకోం. మా హక్కు ఒక్కరోజు లీగు మనిషి చేతికి వెళ్లినా లీగే యజమాని అయినట్టు. మా హక్కులు మా ఇంట్లోనే ఉండాలి."

"ఇంట్లో అంటే ఎవరి దగ్గర?" అన్నాడు ఛైర్మన్.

లావు ప్లీడరు జాబితా మీద వేలు జరిపాడు. "పదిహేనో వరస. మేనేజరు. మా మనిషే."

"ఏయే హక్కులు?"

"సకల హక్కులూ. ఒక్కటి మినహాయించినా అది లీగు కింద జమ కడతారు మీరు. ఏ మినహాయింపూ లేకుండా సకల హక్కులూ అని స్పష్టంగా రాయించండి."

పెద్దావిడ రాసింది. ప్లీడర్లిద్దరూ గెలిచామనుకుంటూ చేతులు కలుపుకున్నారు. యజమాని మేనేజరమ్మ వైపు తిరిగి నవ్వాడు.

"పదిహేను రోజులు నువ్వే నేను. ఆదివారం నిచ్చెనను తీసుకొచ్చి వల దగ్గర నిలబెట్టు. మర్చిపోకు."

బావలందరూ నవ్వారు. లిఫ్టు రెండుసార్లు కిందికి పైకి తిరిగి అందరినీ దింపేసింది. గదిలో పూల వాసన, ఖాళీ సీసాలు, ఉత్తర్వు నకలు చేత్తో పట్టుకున్న మేనేజరమ్మ మిగిలారు. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివింది. తర్వాత పక్కనున్న రికార్డుల గదికి వెళ్లింది.

"విడుదల ఫారం కావాలండీ."

"దానికి యజమాని సంతకం ఉండాలమ్మా," అంది పెద్దావిడ తలెత్తకుండానే.

"పదిహేను రోజులు అది నేనే. మీరే టైపు చేశారు కదా."

పెద్దావిడ తలెత్తింది. నకలు తీసుకొని, సకల హక్కులూ అన్న చోట వేలు పెట్టి ఆగింది.

"ఇది కూడా అందులోకి వస్తుందంటారా?" అంది మేనేజరమ్మ.

"రాదని రాయిద్దామని వాళ్లెవరికీ తోచలేదు. తోచడానికి మీరు వాళ్లకు కనబడితే కదా." పెద్దావిడ సొరుగు లాగింది. "పొద్దున ఆ జాబితా చదివింది నేను. నోరు పుక్కిలించుకున్నా ఆ చేదు ఇంకా పోలేదు. ఎన్ని కావాలి?"

"పన్నెండు."

కలం పట్టుకున్నాక ఆమె భర్తకు ఫోన్ చేసింది. సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది.

"బీరువా మాత్రం నా ఒక్కడివల్ల కాదు. నువ్వొచ్చాక ఇద్దరం పట్టి దింపుదాం. మిగతావి కట్టేస్తుంటాను," అన్నాడాయన.

ఆమె పన్నెండు కాగితాల మీద యజమాని అని ఉన్న చోట సంతకం పెట్టింది. క్రీడాకారిణి అని ఉన్న చోట ఖాళీగా వదిలింది. పోవాలా వద్దా అన్నది ఆ పిల్లలు చూసుకుంటారు. పెద్దావిడ ఒక్కో కాగితం మీద లీగు సీలు గట్టిగా గుద్ది, రిజిస్టరులో ఎక్కించి, టైము కూడా వేసింది. మూడూ నలభై. కింద వీధిలో కాటా కారు ఇంకా బావలను ఎక్కించుకుంటూనే ఉంది.

దారిలో హాస్టలు దగ్గర దిగి పదకొండు కాగితాలు కెప్టెన్ చేతికిచ్చింది. కెప్టెన్ అవేమిటో చదివి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టి, లోపలికి తీసుకుపోయింది. పన్నెండోది పట్టుకొని మేనేజరమ్మ ఆస్పత్రికి వెళ్లేసరికి సాయంత్రం భోజనం కంచాలు ఇచ్చి వెళుతున్నారు. నిచ్చెన మంచం కొసన పాదాలు బయటికి వేలాడుతున్నాయి. ఆ పొడుగుకు సరిపడే మంచం ఆస్పత్రిలో లేదు.

"ఇదుగో. కింద నీ సంతకం పెడితే నువ్వు జట్టులో లేనట్టే. ఆదివారం ఎక్కడికీ రానక్కర్లేదు. ఏ ఆదివారమూ, ఏ సోమవారమూ రానక్కర్లేదు."

పిల్ల కాగితం ఒకటికి రెండుసార్లు చదివింది. గబగబా సంతకం పెట్టింది. ఆ తర్వాత గాని పై సంతకం చూడలేదు.

"కాటా పెట్టలేదా?"

"నేను పెట్టాను. పదిహేను రోజులు ఆయన హక్కులన్నీ నాకిచ్చారు."

"నీకా?"

"నాకే. ఇన్నాళ్లూ నాకు ఏ హక్కూ లేదు కదమ్మా. వచ్చిన రోజే పెట్టేశాను."

పిల్ల మెచ్చుకుంటుందని ఆమె అనుకుంది. అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడింది. నిచ్చెన ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"అంకె పైకి చదవకుండా ఉండడానికి ఎవరు హక్కివ్వాలి అక్కా?"

మేనేజరమ్మ తన పని గురించి, బట్టీ ఉద్యోగం గురించి, ఆ రెండు గదుల గురించి చెప్పొచ్చు. చెప్పబోయి, అవి తన నోట్లోనే ఎలా వినబడతాయో తెలిసి ఊరుకుంది. పొద్దున్నుంచి ఆ గదిలోవాళ్లందరినీ చూసి అసహ్యించుకున్న మనిషి, ఇప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంచం మీది మూత వైపు చూసింది.

"చల్లారిపోతోంది. తినమ్మా," అంది.

నిచ్చెన మూత తీసింది. అన్నం, కూర, ఒక గుడ్డు. చెంచా తీసుకొని, ఓ ముద్ద ఎత్తి, నోటి దాకా తెచ్చి ఆపింది. మళ్లీ కంచంలో పెట్టేసింది. తల ఎత్తలేదు.

"నువ్వు బయటికెళ్తే తింటాను అక్కా."

మేనేజరమ్మ లేచి బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. కాసేపటికి లోపల చెంచా కంచానికి తగిలిన చప్పుడు వినిపించింది. అది కూడా తను వినకూడదనిపించి, మెట్ల దాకా నడిచి వెళ్లి అక్కడ నిలబడింది.